14 నెలల బాబు గడ్డ

నేను పాథాలజిస్టుని, అంటే ఆపరేషన్‌లో తీసిన ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి జబ్బేంటో చెప్పే డాక్టర్ని. నిన్న ల్యాబ్‌లో ముక్కలుగా కోసి ప్రాసెసింగ్‌కి పెట్టిన గడ్డ స్లైడ్లు ఈ రోజు మధ్యాహ్నం నా టేబుల్ మీదికొచ్చాయి. గాల్‌బ్లాడర్లు, అపెండిక్స్‌లు పక్కన పెట్టి ముందు ఇవే చూశాను.

ఫారంలో 14 నెలల బాబు, కుడి చంక, త్వరగా పెరుగుతున్న గడ్డ, నొప్పి లేదు అని ఉంది. ఎమ్మారైలో కొవ్వు, దాని మధ్య పొరలు కనిపించాయట. పెద్దవాళ్ల భుజం మీద లైపోమా, అంటే మామూలు కొవ్వు గడ్డ, రోజూ చూసేదే. ఇంత చిన్న పిల్లాడి చంకలో కొవ్వు గడ్డంటే ఆలోచించాలి.

మైక్రోస్కోపు తక్కువ పవర్‌లో సీతాఫలం తొనల్లా గుంపులు గుంపులుగా కొవ్వు, నడుమ సన్నటి పీచు పొరలు. పవర్ పెంచితే తొన మధ్యలో బాగా ఎదిగిన కొవ్వు కణాలు, అంచుల్లో ఇంకా ఎదుగుతున్నవి. వాటిలో ఒక్కో కణంలో నాలుగైదు చిన్న కొవ్వు బుడగలు, చుట్టూ జిగురు పదార్థం, సన్నటి రక్తనాళాలు. ఇది లైపోబ్లాస్టోమా, ఇంకా ఎదుగుతున్న కొవ్వు కణాల గడ్డ. ఎక్కువగా మూడేళ్లలోపు పిల్లల్లోనే వస్తుంది. క్యాన్సర్ కాదు, వేరే అవయవాలకు పాకదు.

వయసు తెలియకుండా ఈ జిగురు భాగం ఒక్కటే చూపిస్తే మిక్సాయిడ్ లైపోసార్కోమా అనే అనుమానం తప్పకుండా వస్తుంది. అది క్యాన్సర్, ఈ వయసులో చాలా చాలా అరుదు. అందుకే ఫారంలో వయసు రాయకుండా పంపే వాళ్లంటే నాకు కోపం. సందేహం ఉంటే 8వ క్రోమోజోమ్ మీది ప్లాగ్1 జన్యువులో మార్పు ఉందేమో ఫిష్ (FISH) అనే జన్యు పరీక్షలో చూడొచ్చు. ఇక్కడ నాకు ఆ అవసరం కనిపించలేదు.

టెన్షన్ పెట్టింది మాత్రం అంచులు. ఒక వైపు కొవ్వు కండరంలోకి చొచ్చుకుపోయి, ఇంక్ పూసిన అంచుదాకా, అంటే సర్జన్ కోసిన చోటుదాకా వచ్చేసింది. కొంచెం మిగిలినా అక్కడే మళ్లీ పెరగొచ్చు. సర్జన్‌గారికి ఫోన్ చేశాను. నరాలకు ఆనుకుని ఉంది కాబట్టి అంతకు మించి తీయలేదన్నారు. సరైన పనే. క్యాన్సర్ కాని గడ్డ కోసం పిల్లాడి చేతిని పణంగా పెట్టకూడదు. కొన్నేళ్లపాటు స్కాన్లతో గమనించాలని రిపోర్టులో రాశాను.

సాయంత్రం వాళ్లమ్మ కౌంటర్ దగ్గరికొచ్చి, "మేడమ్, క్యాన్సరా?" అని అడిగింది.

"కాదమ్మా. కానీ మళ్లీ రావచ్చు, చెకప్‌లు మానకండి" అన్నాను. రిపోర్టు, ఎమ్మారై సీడీ జాగ్రత్తగా దాచమన్నాను. రేపు అక్కడ చిన్న వాపు కనిపించినా పోల్చి చూడటానికి అవే కావాలి.