పరధ్యానం అనుకున్నాం

మా పాప మూడో తరగతి లెక్కల నోటుపుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. అందులో ఒక పేజీలో పది లెక్కలు ఉంటాయి. మొదటి మూడూ సరిగ్గా చేసింది. నాలుగోది తీసివేత అయితే కూడేసింది. ఐదోదానికి అంకెలు మాత్రం దించుకుంది. ఆరో లెక్క దగ్గర్నుంచి లెక్కలే లేవు. మార్జిన్ పొడవునా ఒక నెమలి ఉంది. తోకలో ఒక్కో ఈకకీ కన్ను విడివిడిగా దిద్ది మరీ వేసింది. కింద ఎర్ర సిరాతో 'అశ్రద్ధ' అని టీచరు రాశారు.

ఆ సాయంత్రం అవే లెక్కలు నోటితో అడిగితే టకటకా చెప్పేసింది. నాకు ఇంకా ఒళ్ళు మండింది. వచ్చి కూడా చెయ్యలేదంటే పొగరు కాక ఏమిటి అనుకున్నాను. కొట్టాను. ఇప్పటికీ ఆ పేజీ తీస్తే నా చెయ్యే గుర్తొస్తుంది.

మాది కాకినాడ. నేనొక బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను. ఏడీహెచ్‌డీ అనే మాట, అంటే ధ్యాస నిలవకపోవడమో కుదురుగా ఉండలేకపోవడమో ఉండే మెదడు తీరు, అంతకు ముందు విన్నాం గానీ, అది గోడలెక్కే మగపిల్లల సంగతి అనుకునేవాళ్ళం. మా పాప అల్లరే చెయ్యదు. మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతుంది. జడ సగం వేయించుకుని లేచి వెళ్ళిపోతుంది. నెలకో లంచ్ బాక్సు పోగొట్టేది. స్కూల్లో అడిగితే "చాలా మంచి పిల్లండీ, అసలు గొడవ చెయ్యదు, కాకపోతే కాస్త పరధ్యానం" అనేవారు. అలా కిటికీలోకి చూస్తూ కూర్చునే ఆడపిల్లలే ఎవరి కంటా పడకుండా ఏళ్ళకేళ్ళు మిగిలిపోతారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా అత్తయ్యగారు దిష్టి తీశారు, దర్గాలో తాయెత్తు కట్టించారు. నేను మూడు నెలలు సరస్వతీ ఆకు పొడి తేనెలో కలిపి పెట్టాను. తర్వాత పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు కళ్ళు, చెవులు చూపించమన్నారు. అది మంచి సలహా. సరిగ్గా వినపడని పిల్లలు కూడా పరధ్యానంగానే కనిపిస్తారు కదా. రెండూ బాగానే ఉన్నాయి. మధ్యలో ఒకచోట తలకి వైర్లు పెట్టి చేసే పరీక్షతో ఏడీహెచ్‌డీ తేలిపోతుందని చెబితే వేలు కట్టి అదీ చేయించాం. ఏడీహెచ్‌డీని తేల్చే అలాంటి పరీక్ష గానీ స్కానింగు గానీ రక్తపరీక్ష గానీ లేదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ఎవరిని అడగాలో తెలియక ఒక రాత్రి పదకొండింటికి 14416కి ఫోన్ చేశాను. అది టెలీ మానస్, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత లైను, తెలుగులోనే మాట్లాడతారు. అవతల అమ్మాయి ఓపిగ్గా విని, సైకాలజిస్టు పరీక్షలూ కౌన్సెలింగూ చేస్తారు, మందు రాసేది మాత్రం సైకియాట్రిస్టు, మీకు పిల్లల సంగతి చూసే సైకియాట్రిస్టు కావాలి అని విడమరిచి చెప్పింది. అప్పటిదాకా ఆ రెండూ ఒకటే అనుకున్నాను. సామర్లకోట వెళ్ళి విశాఖ రైలెక్కాం.

అక్కడి పిల్లల సైకియాట్రిస్టు గారు పాపని చూసి ఏదో ఒకటి చెప్పేస్తారనుకున్నాను. ఆవిడ అలా చెప్పలేదు. రెండు ఫారాలు ఇచ్చారు. మాకు 55 ప్రశ్నలు, టీచరుకి 43. లక్షణాల ప్రశ్న ఒక్కోదానికి ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా అని నాలుగు గళ్ళు. ఇంట్లోనూ బళ్ళోనూ రెండుచోట్లా ఇబ్బంది కనిపించాలట. లక్షణాలు కనీసం ఆరు నెలల నుంచి ఉండాలి, పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలి. ధ్యాసకి సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో ఆరైనా ఉండాలి. అన్నిటికీ మించి వాటివల్ల పిల్ల చదువుకో స్నేహాలకో అడ్డం రావాలి. నిద్ర చాలకపోయినా, దిగులున్నా, ఇంట్లో గొడవలున్నా పిల్లలు ఇలాగే కనిపించవచ్చు కాబట్టి మా ఇంటి విషయాలన్నీ అడిగారు. చదవడం, రాయడంలో లోపం ఏమైనా ఉందేమోనని, తెలివితేటలు ఎలా ఉన్నాయోనని సైకాలజిస్టు విడిగా రెండు రోజులు పరీక్షలు చేశారు.

టీచరు ఫారంలో అల్లరి ప్రశ్నలన్నిటికీ 'ఎప్పుడూ లేదు', ధ్యాస ప్రశ్నలన్నిటికీ 'చాలా తరచుగా' అని టిక్కులు పడ్డాయి. డాక్టరు గారు ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి నాకు చూపించారు. "మీ అమ్మాయికి తెలియక కాదమ్మా. తెలిసినదాన్ని అవసరమైన క్షణంలో పట్టుకోలేకపోతోంది. కావాలని చేస్తున్నది కాదు" అన్నారు. ఇది ఏడీహెచ్‌డీయేననీ, చాలావరకు పుట్టుకతో వచ్చేదనీ, వంశంలో నడుస్తుందనీ, మా పెంపకం తప్పు కాదనీ చెప్పారు. టీవీ, ఫోను దీన్ని పుట్టించవు గానీ ఉన్నదాన్ని పెంచుతాయన్నారు. మావారు ఆ గదిలోంచి బయటికి వచ్చి వరండాలో చాలాసేపు నిలబడిపోయారు.

మొదట మందు ఇవ్వలేదు. మాకే పాఠాలు చెప్పారు. వంటింట్లోంచి అరిచి చెప్పకూడదు, దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు కలిశాక, ఒక్క పనే చెప్పాలి. "స్నానం చేసి, బట్టలు వేసుకుని, బ్యాగు సర్దుకుని రా" అంటే తన దాకా చేరేది స్నానం ఒక్కటే. పది నిమిషాలు చదువు, తర్వాత మేడ మీద ఐదు నిమిషాలు గెంతులు, మళ్ళీ పది నిమిషాలు. మెచ్చుకోలు అప్పటికప్పుడే అందాలి. పరీక్ష పాసైతే సైకిల్ కొంటాం అన్న మాట ఇలాంటి పిల్లల మీద పనిచెయ్యదు, అంత దూరంలో ఉన్న బహుమతి వాళ్ళ మెదడుని కదిలించదట. అందుకని ఒక గాజు సీసా, ఒక గిన్నెడు చింతపిక్కలు పెట్టాం. పని అవ్వగానే ఒక పిక్క సీసాలో పడుతుంది. పది పడితే ఆ సాయంత్రమే బీచికి. పడ్డ పిక్కని శిక్షగా వెనక్కి తీయకూడదన్నది మా ఇంటి నియమం. తాయెత్తు కట్టిన మా అత్తయ్యగారే ఇప్పుడు రోజూ ఆ పిక్కలు లెక్కపెడతారు. "దీని బుర్రకి ఇప్పుడు తాడు దొరికిందే" అంటారు.

మూడు నెలలకి ఇల్లు కాస్త నెమ్మదించింది గానీ, స్కూల్లో మార్పు తక్కువ. అప్పుడు మిథైల్‌ఫెనిడేట్ అనే ధ్యాస నిలిపే మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. ఇక్కడే మాకు తెలియని కష్టం వచ్చింది. ఆ మందు షెడ్యూల్ ఎక్స్‌లో ఉంటుంది. అంటే గట్టి నియంత్రణలో అమ్మాల్సిన మందుల జాబితా. మామూలు మందుల షాపులో దొరకదు, దానికి లైసెన్సే వేరు. చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాళ్ళు తీసుకుని రెండేళ్ళు దాచాలి. నాలుగు షాపులు తిరిగాను. ఒకాయన చీటీ చూసి, పాపని చూసి, "ఇంత పిల్లకి ఈ మందా అమ్మా" అన్నాడు. అక్కడే నిలబడి ఏడ్చేశాను. చివరికి విశాఖలో డాక్టరు గారు చెప్పిన చోటే ప్రతి నెలా తెచ్చుకుంటున్నాం. ఈ అనుభవంతో చెబుతున్నాను, డాక్టరు గది దాటేముందే మందు ఎక్కడ దొరుకుతుందో, చీటీ ఎన్ని కాపీలు కావాలో అడిగి రాసుకోండి.

మందు వేసిన రోజు ఏదో అద్భుతం జరగలేదు. రెండో వారంలో పది లెక్కల్లో తొమ్మిది పూర్తి చేసి వచ్చి, "అమ్మా, ఇవాళ లెక్కలు కదలకుండా కూర్చున్నాయి" అంది. మధ్యాహ్నం ఆకలి మాత్రం చచ్చిపోయేది, బాక్సు అలాగే తిరిగొచ్చేది. అందుకని మాత్ర వేయకముందే పెసరట్టు ఉప్మా కడుపునిండా పెడతాను, మందు దిగిపోయే సాయంత్రం మళ్ళీ అన్నం. ప్రతిసారీ బరువు, ఎత్తు, బీపీ, నాడి చూస్తారు. తలుపు వెనక పెన్సిల్ గీతలతో ఎత్తు మేము కూడా రాసుకుంటున్నాం.

ఇక నా సంగతి. ఆ 55 ప్రశ్నలు నింపుతున్న రాత్రి, 'ఎదురుగా ఉండి మాట్లాడుతున్నా విననట్టు ఉంటుంది' దగ్గర పెన్ను ఆగిపోయింది. నాకు 36 ఏళ్ళు. పొయ్యి మీద పాలు పెట్టి మేడెక్కి బట్టలు తీస్తూ మర్చిపోవడం, డబ్బులుండి కూడా కరెంటు బిల్లు గడువు దాటించడం, డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలిపోవడం, ఇవన్నీ నా బద్ధకం అనే నమ్మి బతికాను. డాక్టరు గారిని అడిగితే ముందు ఆరు ప్రశ్నల చిన్న కాగితం ఇచ్చారు, తర్వాత చిన్నప్పటి రుజువు కావాలన్నారు. పెద్దవాళ్ళకి ఐదు లక్షణాలున్నా చాలు గానీ, అవి చిన్నతనంలోనే మొదలై ఉండాలి. అమ్మ ట్రంకు పెట్టెలో నా ఐదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు దొరికింది. 'తెలివైనది, ధ్యాస తక్కువ' అని మాస్టారు నీలం సిరాతో రాశారు. అమ్మ అది పట్టుకుని, "నిన్ను ఎన్నిసార్లు తిట్టానే తల్లీ" అంది. నాకూ ఏడీహెచ్‌డీయే అని అటమాక్సిటిన్ అనే మందు రాశారు. మొదట్లో వికారం, నోరు ఎండిపోవడం. గుణం తెలియడానికి వారాలు పట్టింది. ఇప్పుడు కొట్టులో ఒక పుస్తకం మొదలుపెడితే ఆ పుస్తకమే ముగిస్తున్నాను.

స్కూలు విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో చదువులో వచ్చే ప్రత్యేక లోపం ఉంది గానీ, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. పాపకి ఆ లోపం లేదని పరీక్షల్లో తేలింది కాబట్టి పరీక్షకి అదనపు సమయం హక్కుగా అడగలేకపోయాను. ముందు బెంచీ, కిటికీకి దూరంగా సీటు, ప్రశ్నపత్రం సగం అయ్యాక ఒకసారి వచ్చి బల్ల మీద వేలితో తట్టడం, ఈ మూడూ టీచరు మంచితనం వల్ల దొరికాయి. టీచరు మారితే అవీ పోతాయి.

వచ్చే జూన్‌లో పాప ఆరో తరగతికి వెళ్తుంది. కొత్త స్కూలు, సబ్జెక్టుకో టీచరు. ఆ 43 ప్రశ్నల ఫారం ఆరు జిరాక్సులు తీయించి, డాక్టరు గారి ఉత్తరంతో కలిపి ఫైల్లో పెట్టాను. పైన అట్ట మీద పాప స్కెచ్ పెన్నులతో నెమలి వేస్తోంది. తోక ఇంకా అవ్వలేదు.