వంద కోడిపిల్లలు, మొదటి వారం: నా అనుభవం

మొదటిసారి తెచ్చిన 100 గ్రామప్రియ (పెరట్లో పెంచే కోళ్ల రకం) పిల్లల్లో పదో రోజుకు 22 పోయాయి. రెండోసారి 4. మందులు రెండుసార్లూ అవే. చచ్చిన ప్రతి పిల్లా ఎన్నో రోజున పోయిందో గోడ మీద సుద్దతో రాసుకున్నాను కాబట్టే తేడా ఎక్కడుందో దొరికింది. రోజును బట్టి కారణం సగం తెలిసిపోతుంది.

ఒకటి, రెండు రోజుల్లో పోయినవాటికి పొట్ట ఉబ్బి, బొడ్డు మానక తడిగా, వాసన వస్తూ ఉంది. అది హ్యాచరీ నుంచే తెచ్చుకున్న జబ్బు, ఇంటికొచ్చాక మందుతో కుదిరేది తక్కువ. ఇప్పుడు పెట్టె దించుకునేటప్పుడే ఒక్కో పిల్లనూ తిప్పి బొడ్డు చూస్తాను. కాళ్లు పడిపోయే మారెక్స్ జబ్బుకు టీకా వేశారా అనేదీ హ్యాచరీలోనే అడగాలి.

నాలుగు, ఐదు రోజుల్లో పోయినవే ఎక్కువ. ఆ తప్పు నాదే. పొట్టలో మిగిలిన పచ్చసొన మూడు రోజులు ఆదుకుంటుంది, ఆలోగా తినడం, తాగడం పట్టుబడని పిల్ల తర్వాత నిలవదు. అందుకే దించగానే ఒక్కోదాని ముక్కు నీళ్లలో ముంచి వదులుతాను. లీటరుకు 50 గ్రాముల బెల్లం, అదీ మొదటి పూటే. బోరు నీళ్లు అప్పటికప్పుడు పట్టి పోయకుండా గదిలో ముందే పెట్టి ఉంచుతాను. పేపరు మీద మొక్కజొన్న రవ్వ చల్లి, రాత్రికి ఓ పది పిల్లల మెడ కింద మేతసంచి తడిమి చూస్తాను. మెత్తగా నిండి ఉండాలి. ఖాళీగా తగిలినవాటిని విడిగా పెట్టి మళ్లీ తాగిస్తాను. పేపరు మీద కాళ్లు జారి చీలిపోతాయి, మూడో రోజుకు తీసేయాలి.

పొద్దున లేచేసరికి ఒకే మూల నాలుగైదు పిల్లలు అప్పచ్చుల్లా అణిగి ఉంటే చలి. మా అనంతపురంలో పగటి ఎండ చూసి మోసపోతాం, డిసెంబరు తెల్లారుజామున చలి గట్టిగానే ఉంటుంది. పిల్ల వీపు ఎత్తులో మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, తర్వాత వారానికి 5 చొప్పున తగ్గించాలి. పిల్లకు 2 వాట్లు అంటారు, చలికాలం నేను మూడు 100 వాట్ల పాత రకం బల్బులు కడతాను. ఎల్‌ఈడీకి వేడి రాదు. థర్మామీటరు కన్నా పిల్లలనే చూడాలి: బల్బు కింద కుప్పపడితే చలి, అంచులకు పోయి నోరు తెరిస్తే వేడి, ఒకే పక్కకు చేరితే ఎదుటి సందు నుంచి గాలి కొడుతోంది. రాత్రి మూడింటికి ఒకసారి లేవక తప్పదు. కరెంటు పోతే బొగ్గుల కుంపటి పెడతాను, పొగ పోయి నిప్పులు ఎర్రబడ్డాకే, కిటికీ జానెడు తెరిచి. పూర్తిగా మూసిన గదిలో అదే ప్రాణం తీస్తుంది.

కింద పరుపుకు మా వైపు శనక్కాయ పొట్టు దండిగా దొరుకుతుంది. రెండు అంగుళాలు చాలు. కానీ వానకు తడిసి ఆరిన పొట్టులో బూజు ఉంటుంది, ఆ బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్ల నోరు తెరిచి గసపెడుతూ చస్తుంది. పిడికెడు తీసి వాసన చూసి, బాగా ఎండబెట్టాకే వేస్తాను.

ఏడో రోజు కొక్కెర రోగానికి కంట్లో ఒక చుక్క లాసోటా టీకా. ఐస్ పెట్టిన ఫ్లాస్కులోనే తేవాలి, కలిపాక రెండు గంటల్లో వేసేయాలి, మిగిలింది దాచకూడదు. ఆ రోజు డల్‌గా ఉన్న పిల్లలకు టీకా వెయ్యను, కోలుకునే దాకా ఆగుతాను. 14వ రోజు గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బు) టీకా.