ఫ్లైట్ ప్లాన్‌లో పదిహేనో ఐటమ్: రూట్ తప్పు పోకుండా నింపడంలో నా అనుభవం

ఫ్లైట్ ప్లాన్ అంటే విమానం బయల్దేరే ముందు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు పంపే ఫారం. అది రిజెక్ట్ అయి వెనక్కొస్తే నేను ముందు చూసేది పదిహేనో ఐటమే, అంటే వేగం, ఎత్తు, రూట్ రాసే గడి. విమానం రకం, పరికరాల కోడ్‌లు ఒకసారి సరిగ్గా పెట్టుకుంటే రోజూ అవే పనికొస్తాయి. రూట్ అలా కాదు. గాలిని బట్టి, మూసేసిన గగనతలాన్ని బట్టి, 28 రోజులకోసారి మారే ఏఐఆర్‌ఏసీ డేటాను (విమానయాన సమాచార సవరణలను) బట్టి మారిపోతూ ఉంటుంది. పైగా దాన్ని ముందు చదివేది మనిషి కాదు, కంప్యూటర్. ఎడమ నుంచి కుడికి ఒక్కో ముక్కే తీసుకుని ఇది పాయింటా, ఎయిర్‌వేనా (పేరున్న ఆకాశమార్గమా), డీసీటీనా (డైరెక్ట్, అంటే నేరుగా వెళ్లడమా) అని తేల్చుకుంటూ పోతుంది. మన మనసులో ఏముందో దానికి అక్కర్లేదు.

ఇప్పుడు వాడుతున్న ఫార్మాట్ ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) డాక్ 4444లోది, 2012 నవంబర్ 15 నుంచి అమల్లో ఉంది. కోడ్‌లన్నీ ఫారంలో ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోనే పడాలి. ఇక్కడ మాత్రం పలికే తీరులో రాస్తున్నాను.

ఐటమ్ మొదలయ్యేది వేగంతో. నాట్‌లలో (గంటకు నాటికల్ మైళ్లు) అయితే ఎన్ తర్వాత నాలుగంకెలు, కిలోమీటర్లలో అయితే కే తర్వాత నాలుగంకెలు, మాక్ (ధ్వని వేగంతో పోల్చి చెప్పే వేగం) అయితే ఎం తర్వాత మూడంకెలు. 450 నాట్లు ఎన్0450, మాక్ 0.82 ఎం082. చిన్న విమానాల వాళ్లు ఎక్కువగా ఎన్110 అని సున్నా వదిలేస్తారు. ఎన్0110 అని ఉంటేనే చెల్లుతుంది. ఇంకొకటి: ఇక్కడ అడిగేది ట్రూ ఎయిర్‌స్పీడ్, అంటే గాలితో పోలిస్తే విమానం అసలు వేగం. మీటర్ మీద కనిపించే వేగం వేస్తే ప్లాన్ ఆమోదం పొందుతుంది కానీ, పాయింట్లకు చేరే అంచనా సమయాలన్నీ తప్పుతాయి. రిజెక్ట్ కాని తప్పు రిజెక్ట్ అయ్యే తప్పు కన్నా ప్రమాదం.

వేగానికి ఆనించి, మధ్యలో ఖాళీ లేకుండా, ఎత్తు రాయాలి. ఫ్లైట్ లెవెల్ (ప్రామాణిక పీడనం మీద వందల అడుగుల్లో చెప్పే ఎత్తు) 350 అయితే ఎఫ్350. సముద్రమట్టం నుంచి 4,500 అడుగులైతే ఏ045, అంటే వందల అడుగుల్లో. రెండూ కలిపితే ఎన్0450ఎఫ్350. ఐఎఫ్‌ఆర్‌లో (పరికరాల మీద ఆధారపడి ఎగిరే నిబంధనల్లో) లెవెల్ ఎంచుకునేప్పుడు దిక్కు చూసుకోవాలి. మాగ్నెటిక్ ట్రాక్ (దిక్సూచి ఉత్తరం నుంచి కొలిచే దారి దిక్కు) 000 నుంచి 179 వరకు ఉంటే వేల అడుగుల లెక్కలో బేసి లెవెళ్లు, 180 నుంచి 359 వరకు ఉంటే సరి లెవెళ్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ అంటే నేరుగా ఉత్తరమే కదా అనిపిస్తుంది. కానీ ఢిల్లీ హైదరాబాద్‌కు ఒకటిన్నర డిగ్రీ వరకు పడమటగా ఉంది. ట్రాక్ 350ల్లో పడుతుంది కాబట్టి ఎఫ్340, ఎఫ్360 లాంటి సరి లెవెళ్లే.

ఇక అసలు రూట్. సూత్రం ఒకటే: పాయింట్, దారి, పాయింట్, దారి. దారి అంటే ఎయిర్‌వే పేరు గానీ డీసీటీ గానీ. ముంబై నుంచి నాగ్‌పుర్ మీదుగా కోల్‌కతా వెళ్లే ఎయిర్‌వే జీ450 తీసుకుందాం. ముంబై వీఓఆర్ (దిక్కు చూపే నేల మీది రేడియో కేంద్రం) బీబీబీ, నాగ్‌పుర్ ఎన్‌ఎన్‌పీ, కోల్‌కతా సీఈఏ. దారిలో ఏ మార్పూ లేకపోతే రాయాల్సింది ఇంతే:

బీబీబీ జీ450 సీఈఏ

మధ్యలో ఉన్న పాయింట్లన్నీ వరసగా రాయక్కర్లేదు. ఎయిర్‌వే పేరు చెబితే అవన్నీ అందులోకి వచ్చేస్తాయి. కొత్తవాళ్లు జాగ్రత్త అనుకుని ప్రతి పాయింటూ రాసి, మధ్యన ఎయిర్‌వే పేరు మరిచిపోతారు. రెండు పాయింట్లు పక్కపక్కనే వచ్చి నడుమ దారి లేకపోతే కొన్ని సిస్టంలు డీసీటీ అనుకుంటాయి, కొన్ని తిప్పికొడతాయి. రెండో రకమే నయం. రెండు పాయింట్లూ అక్షాంశ రేఖాంశాల్లో రాసినవైతే మాత్రం మధ్యన డీసీటీ అక్కర్లేదు. (ఎయిర్‌వే ఇప్పటికీ అలాగే ఉందా, ఆ లెవెల్లో తెరిచి ఉందా అన్నది ఆ రోజు ఏఐపీలో (దేశం ప్రచురించే విమానయాన సమాచార పుస్తకంలో), నోటామ్‌లలో (తాజా మార్పుల నోటీసుల్లో) చూసుకోవాలి. ఈ ఉదాహరణ వ్యాకరణం కోసం, ఫైల్ చేయడం కోసం కాదు.)

నాగ్‌పుర్ దగ్గర ఎఫ్370కి ఎక్కాలనుకుంటే:

బీబీబీ జీ450 ఎన్‌ఎన్‌పీ/ఎన్0450ఎఫ్370 జీ450 సీఈఏ

ఇందులో రెండు సంగతులున్నాయి. ఎత్తు ఒక్కటే మారినా గీత తర్వాత వేగం కూడా రాయాలి, మారకపోయినా సరే. అదే ఎయిర్‌వే మీద కొనసాగుతున్నా పాయింట్ తర్వాత దాని పేరు మళ్లీ రాయాలి. గీతకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఒక్క ఖాళీ పడితే ఎన్0450ఎఫ్370 అన్నది విడి ముక్కై పోతుంది. కంప్యూటర్ దాన్ని పాయింట్ పేరనుకుని వెతికి, దొరక్క ఆగిపోతుంది. ఐఎఫ్‌ఆర్ నుంచి వీఎఫ్‌ఆర్‌కు (కంటితో చూస్తూ ఎగిరే నిబంధనలకు) మారేప్పుడు మాత్రం తిరగేసి: పాయింట్ తర్వాత ఖాళీ ఇచ్చి వీఎఫ్‌ఆర్ అని రాయాలి. అప్పుడు ఏ నిబంధనలతో ఎగురుతున్నామో చెప్పే ఎనిమిదో ఐటమ్‌లో వై ఉండాలి. వీఎఫ్‌ఆర్‌తో మొదలై ఐఎఫ్‌ఆర్‌కు మారితే జెడ్.

బయల్దేరే, దిగే విమానాశ్రయాల కోడ్‌లు రూట్‌లో రాయకూడదు. అవి పదమూడు, పదహారు ఐటమ్‌లలో ఉన్నాయి. విమానాశ్రయం ఎయిర్‌వే మీదే ఉంటే మొదటి ముక్క ఎయిర్‌వే పేరు. లేకపోతే డీసీటీ, ఆ తర్వాత చేరే పాయింట్. ఎస్ఐడీ, స్టార్ (విమానాశ్రయం నుంచి బయటికి, లోపలికి ముందే ఖరారు చేసిన దారులు) పేర్లు రాసే చోట చివరి అంకె చూసుకోవాలి. ప్రొసీజర్ సవరించినప్పుడల్లా ఆ అంకె పెరుగుతుంది. నిన్నటి ప్లాన్ నుంచి కాపీ కొట్టిన పేరు ఏఐఆర్‌ఏసీ తేదీ దాటగానే చెల్లకపోవడం మామూలే.

కోఆర్డినేట్ల దగ్గర తప్పులు ఎక్కువ, కనుక ఇక్కడ కాస్త నిలబడతాను. ఫారం ఒప్పుకునేవి రెండు రూపాలు. డిగ్రీలు మాత్రమే అయితే ఏడక్షరాలు: 46ఎన్078డబ్ల్యు. డిగ్రీలు, నిమిషాలు అయితే పదకొండు: 4620ఎన్07805డబ్ల్యు. రేఖాంశానికి ఎప్పుడూ మూడంకెలు, 78 అయితే 078. దశాంశాలకు చోటే లేదు. ఫోన్ మ్యాప్‌లో శంషాబాద్ విమానాశ్రయం నొక్కితే 17.2403, 78.4294 అని వస్తుంది. చుక్క తర్వాతి అంకెల్ని నిమిషాలనుకుని 1724ఎన్07843ఈ అని రాసేస్తే విమానాశ్రయం ఈశాన్యానికి దాదాపు 19 నాటికల్ మైళ్లు జరిగిపోతుంది. చుక్క తర్వాతి భాగాన్ని 60తో గుణించాలి. 0.2403 ఇంటూ 60 అంటే 14.4, 0.4294 ఇంటూ 60 అంటే 25.8. కాబట్టి సరైనది 1714ఎన్07826ఈ. ఈ లెక్కలో కంప్యూటర్ సాయం చేయదు. రెండూ దానికి చెల్లే పాయింట్లే.

ఏదైనా వీఓఆర్ నుంచి దూరం, దిక్కు చెప్పాలంటే ఎన్‌ఎన్‌పీ180040 లాంటిది రాయాలి. నాగ్‌పుర్ నుంచి మాగ్నెటిక్ 180 మీద 40 నాటికల్ మైళ్లు అని అర్థం. సున్నాలు వదిలి ఎన్‌ఎన్‌పీ18040 అంటే చెల్లదు.

ఎయిర్‌వేలు లేని చోట పాయింట్లు అరగంట ప్రయాణానికో 200 నాటికల్ మైళ్లకో ఒకటి చొప్పున ఉండాలి. ఉత్తర అట్లాంటిక్ లాంటి చోట తూర్పు పడమరలుగా వెళ్లేవాళ్లకు పది డిగ్రీల రేఖాంశానికి ఒకటి. అక్కడ అర డిగ్రీ పాయింట్లకు కాక్‌పిట్ డేటాబేస్‌లో హెచ్5250 లాంటి పొట్టి పేరుంటుంది. దాన్ని ప్లాన్‌లో రాయకూడదు, 5230ఎన్05000డబ్ల్యు అనే పూర్తి రూపమే రాయాలి.

ఒకే పేరున్న పాయింట్ల సంగతి వేరే. అయిదక్షరాల పేర్లు ప్రపంచం మొత్తానికి ఒక్కటే ఉండాలన్నది ఉద్దేశం. రెండు మూడు అక్షరాల వీఓఆర్ పేర్లు మాత్రం 600 నాటికల్ మైళ్లు దాటితే మళ్లీ వాడుకోవచ్చు. 2023 ఆగస్టు 28న బ్రిటన్ గగనతలం స్తంభించింది దీనితోనే. లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ వెళ్లే ఒక విమానం దారిలో డీవీఎల్ అనే పేరు రెండు చోట్ల ఉంది: ఒకటి అమెరికాలోని నార్త్ డకోటాలో డెవిల్స్ లేక్, ఇంకొకటి ఫ్రాన్స్‌లో డోవిల్. మధ్య దూరం దాదాపు 3,600 నాటికల్ మైళ్లు. బ్రిటన్ ఎయిర్ ట్రాఫిక్ సంస్థ నాట్స్ సాఫ్ట్‌వేర్ ఒకదానికి బదులు ఇంకొకటి పట్టుకుని, బ్రిటన్ మీది భాగాన్ని విడదీయలేక ఆగిపోయింది. వెంటనే బ్యాకప్ సిస్టం కూడా అదే ప్లాన్ తీసుకుని అలాగే ఆగింది. ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. ప్లాన్ రాసినవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు, ప్లాన్ నిబంధనల ప్రకారమే ఉంది.

మన వైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో పేరు కొట్టగానే రెండు మూడు ఎంపికలు చూపిస్తే పైదాన్ని నొక్కేయకుండా అక్షాంశ రేఖాంశాలు చూడాలి. రూట్ పూర్తయ్యాక ఒక్కో లెగ్ (పాయింట్ నుంచి పాయింట్‌కు మధ్య దారి) దూరం వరసగా చదువుతాను. 90, 140, 75 మధ్యలో 3,800 కనిపిస్తే ఎక్కడ పొరపాటో వెతకనక్కర్లేదు.

యూరప్‌లోకి వెళ్లే ప్లాన్లు యూరోకంట్రోల్ వారి ఐఎఫ్‌పీఎస్ (ఫ్లైట్ ప్లాన్లు పరిశీలించే సిస్టం) చేతిలో పడతాయి. దానినుంచి వచ్చేవి మూడు జవాబులు. ఏసీకే అంటే అయిపోయినట్టు. ఎంఏఎన్ అంటే అక్కడి మనిషి చేతికి వెళ్లింది, ఆగండి అని. ఈ లోగా ఇంకో ప్లాన్ పంపితే గందరగోళమే. ఆర్‌ఈజే అంటే తిప్పికొట్టారు. తప్పు సందేశం రూట్ అనే మాటతో మొదలైతే వ్యాకరణంలో గానీ, పాయింట్ ఆ ఎయిర్‌వే మీద లేకపోవడంలో గానీ పొరపాటు. ప్రాఫ్ అని మొదలైతే రాత సరిగ్గానే ఉంది, ఆ లెవెల్లోనో ఆ వేళలోనో ఆ దారి వాడకూడదని అర్థం. అప్పుడు స్పెల్లింగ్ వెతుకుతూ కూర్చోవడం దండగ. లెవెల్ మార్చి చూడాలి, లేదా ఆర్‌ఏడీ పత్రంలో (ఏ దారి ఎప్పుడు వాడొచ్చో చెప్పే యూరప్ పత్రం) నిషేధం చదవాలి.

రూట్ మార్చిన ప్రతిసారీ ఇతర సమాచారం రాసే పద్దెనిమిదో ఐటమ్ కూడా తెరవాలి. ఈఈటీ (అంచనా ప్రయాణ సమయం) తర్వాత రాసే ఎఫ్‌ఐఆర్ (ఒక కంట్రోల్ కేంద్రం చూసుకునే గగనతల ప్రాంతం) సరిహద్దు సమయాలు పాత రూట్‌వే మిగిలిపోతుంటాయి. హైదరాబాద్ చెన్నై ఎఫ్‌ఐఆర్ కిందికి వస్తుంది. ఢిల్లీ వెళ్తే ముంబై ఎఫ్‌ఐఆర్, ఆపైన ఢిల్లీ ఎఫ్‌ఐఆర్ తగులుతాయి: వీఏబీఎఫ్, వీఐడీఎఫ్ అని వరసగా, టేకాఫ్ నుంచి మొత్తం సమయం. తేదీ కూడా యూటీసీలోదే (మన సమయం కన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం). సెప్టెంబర్ 15 తెల్లవారుజామున 3 గంటలకు బయల్దేరితే యూటీసీలో అది 14న 2130. 2025 సంవత్సరమైతే డీఓఎఫ్ (ప్రయాణ తేదీ) తర్వాత 250914 పడాలి. 250915 వేస్తే మీ విమానం రన్‌వే మీద ఉన్నా సిస్టంలో రేపటిదే.

ఆమోదం వచ్చాక రూట్ మారితే సీహెచ్‌జీ (మార్పు సందేశం) పంపాలి, ఆలస్యమైతే డీఎల్ఏ (ఆలస్య సందేశం). కంట్రోలర్ల అదుపులో ఎగిరే కంట్రోల్డ్ ఫ్లైట్ అయితే 30 నిమిషాలు దాటే ఆలస్యానికి అది పంపాలి. చివరి పని ఎఫ్‌ఎంసీ (కాక్‌పిట్‌లో రూట్ నడిపే కంప్యూటర్) దగ్గర: పంపిన రూట్ కాగితం ఒక చేత్తో పట్టుకుని లోడైన లెగ్‌లు ఒక్కొక్కటీ సరిచూడటం. క్లియరెన్స్‌లో కంట్రోలర్ ఫ్లైట్ ప్లాన్డ్ రూట్ అన్నాడంటే ఆయన ముందున్నది చివరగా ఆమోదించిన ప్లాన్. మొదట పంపి మార్చేసిన కాగితం కాక్‌పిట్‌లో ఉంటే దాన్ని అక్కడే చింపేయాలి.