హోల్డరు ఒకటే, వాట్లు వేరు

"అన్నా, బల్బు సరిగ్గా బిగిసింది, స్విచ్ వేసేయనా?" అని బ్రాడీపేటలో మా పక్కింటి కుర్రవాడు ఈ సాయంత్రం అడిగినప్పుడు, ముందు బల్బులోకి పారే కరెంటును అదుపు చేసే చోక్ మీది లేబుల్ చూపించమన్నాను. మేడమీది చీకటి గదిలో మిర్చి నారు పెంచడానికి అతడు కొన్న సోడియం బల్బు 250 వాట్లది. పాత లైటు నుంచి ఊడదీసి తెచ్చిన చోక్ మీద మాత్రం, దుమ్ము తుడిచాక, 400 అన్న అంకె కనిపించింది.

250, 400 వాట్ల బల్బులు రెండూ ఈ40 అనే ఒకే సైజు మరల హోల్డరులో పట్టడమే ఇక్కడి చిక్కు. సోడియం బల్బు వెలిగిన తరువాత తనలో పారే కరెంటును తాను అదుపు చేసుకోలేదు; ఆ పని చోక్‌ది కనుక, పెద్ద చోక్ తగిలిస్తే లోపల వెలుగు పుట్టే ఆర్క్ గొట్టం మితిమీరి కాగి, బల్బు ఆయుష్షు తగ్గిపోతుంది, ఒక్కోసారి పగిలిపోయే ప్రమాదమూ ఉంది. చిన్న చోక్‌కు పెద్ద బల్బు పెడితే నష్టం లేదనుకునేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అది పూర్తి వేడికి చేరక మసకగా వెలుగుతూ, లేత నారుకు చాలినంత వెలుతురు ఇవ్వదు.

వాట్లు కుదిరినంత మాత్రాన సరిపోదు. బల్బు సోడియందా, మెటల్ హాలైడ్ అనే మరో రకానిదా అన్నది చూసుకొని, దాన్ని మొదట వెలిగించే ఇగ్నిటరును కూడా దానికి తగినదే వాడాలి. బయటి దేశం నుంచి తెప్పించిన 60 హెర్ట్జ్ చోక్‌ను మన 50 హెర్ట్జ్ కరెంటుకు కలిపితే, వోల్టేజీ సరిపోయినా అది ఎక్కువ కరెంటు పారనిచ్చి వేడెక్కుతుంది.