మేకల మందు

మా వాడికి ఐదేళ్లప్పుడు ఒక ఆదివారం కళ్లు ఉబ్బి లేచాడు. ఏదో కుట్టిందనుకున్నాం. గాజువాకలో మా ఇంటి దగ్గరి డాక్టరు ఎలర్జీ అని చుక్కల మందు రాశారు. వారం తిరిగేసరికి పాదాలూ పొట్టా ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట పడేది. మూత్రంలో సబ్బు నురగలాంటిది వస్తోందని ముందు గమనించింది మా అత్తయ్యే. పరీక్షలో అల్బుమిన్ అనే ప్రొటీన్ త్రీ ప్లస్, అంటే బాగా ఎక్కువ. నెఫ్రోటిక్ సిండ్రోమ్. ఒంట్లో ఉండాల్సిన ప్రొటీన్ కిడ్నీల జల్లెడలోంచి కారిపోతోందన్నారు.

ఆరు వారాలు రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, మరో ఆరు వారాలు రోజు విడిచి రోజు. పది రోజుల్లోనే వాపు దిగింది. గండం గడిచిందనుకున్నాం. మాత్ర ఆపిన నెలకే జలుబు చేసింది, దాని వెనకే మళ్లీ త్రీ ప్లస్. ఏడాదిలో నాలుగుసార్లు అలాగే. పొద్దున్నే ప్రొటీన్ పోతోందేమో తెలిపే స్ట్రిప్ మూత్రంలో ముంచి చూడడంతో మా ఇల్లు మేలుకునేది. పసుపు రంగు ఉంటే కాఫీ. ఆకుపచ్చకి తిరిగిందా, ఆ రోజు ఎవరూ మాట్లాడేవారు కాదు.

స్టెరాయిడ్ వాడినన్నాళ్లూ అర్ధరాత్రి లేచి అన్నం పెట్టమని ఏడ్చేవాడు, చేతికందింది విసిరేవాడు. బుగ్గలు పూరీల్లా పొంగాయి. "పిల్లాడు ఒళ్లు చేశాడమ్మా, దిష్టి తియ్యి" అనేవారు పక్కింటివాళ్లు. నాకు ఒళ్లు మండేది. తలుపు మీద వాడి ఎత్తుకి గీసిన పెన్సిల్ గీత మాత్రం ఏడాదంతా దాదాపు అక్కడే ఉండిపోయింది.

అప్పుడు పిల్లల కిడ్నీ డాక్టరు గారు లెవమిసోల్ రాశారు. ఇరవై కిలోల పిల్లాడికి యాభై మిల్లీగ్రాములు, రోజు విడిచి రోజు. మందుల షాపతను "నులిపురుగులా అమ్మా?" అన్నాడు. ఆనందపురం దగ్గర మేకలు పెంచే మా తమ్ముడైతే పేరు చూసి నవ్వేశాడు. "అక్కా, ఇది మేము మేకలకి పట్టించే మందే!" టెన్షన్‌తో డాక్టరు గారికి ఫోన్ చేశాను. పురుగుల మందే, కానీ దారి తప్పిన రోగనిరోధక శక్తిని ఇది సర్దుతుంది, దీని అండతో స్టెరాయిడ్ తగ్గించొచ్చు అని ఓపిగ్గా చెప్పారు. తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు కాబట్టి రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష తప్పదు, జ్వరం వస్తే వెంటనే తీసుకురావాలి. ఇది పనిచేయకపోతే మైకోఫెనొలేట్ ఉందన్నారు, సైక్లోఫాస్ఫమైడ్ పేరు కూడా ఎత్తారు. అది క్యాన్సర్‌కి కూడా వాడతారని తెలిసి ఆ రాత్రి నేను పడుకోలేదు.

స్టెరాయిడ్ పనితనం పది రోజుల్లో కంటికి కనిపిస్తుంది. లెవమిసోల్‌ది కనిపించదు. వేస్తున్నామంటే వేస్తున్నాం, అంతే. అవతల స్టెరాయిడ్ కొంచెం తగ్గించిన ప్రతిసారీ నాకు గుండె దడ. మూడో నెలలో మళ్లీ తిరగబెట్టింది. మేకల మందు ఆపేద్దామని మా ఆయనతో గొడవపడ్డాను. కనీసం ఆరు నెలలు చూడాలన్నారు డాక్టరు గారు. వాళ్లిద్దరూ ఒకటయ్యారని నాకు కోపం, కానీ ఆపలేదు.

ఆ తర్వాత ఇంతవరకూ తిరగబెట్టలేదు. స్టెరాయిడ్ మానేసి ఎనిమిది నెలలైంది. లెవమిసోల్ నడుస్తోంది. బుగ్గలు తగ్గాయి, తలుపు మీద గీత నాలుగు వేళ్లు పైకి జరిగింది. మొన్న ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ మొత్తం వాడే తినేస్తే అత్తయ్య నా వైపు గుడ్లురిమి చూశారు.

పోయిన నెల జలుబు, దగ్గు. స్ట్రిప్ నేను ముంచబోతే లాక్కుని బాత్రూమ్ తలుపేసుకున్నాడు. బయట ముగ్గురం నిలబడ్డాం. లోపలినుంచి అరిచాడు, "పసుపే!"