తెడ్లకే మొదటి ఓటు

తెడ్డు కోరేది ఒకటి, తెరచాప కోరేది ఇంకొకటి. తెడ్డు వేయడానికి సన్నటి, తేలికైన పడవ కావాలి. తెరచాపకేమో గాలి ఒరగదోసినా తిరగబడనంత వెడల్పు కావాలి. నా 15 అడుగుల పడవను మళ్లీ గీయడానికి కూర్చున్నాక, ఈ తగవు తేలేదాకా పెన్సిల్ ముందుకు సాగలేదు. చివరికి తెడ్ల వైపే మొగ్గాను. గాలి పడిపోతే ఒడ్డుకు చేర్చేది అవే కదా. తెరచాప చాలకపోతే రేపు పెద్దది కుట్టించుకోవచ్చు, లావుగా కట్టిన పడవను మాత్రం ఎవరూ సన్నం చేయలేరు.

అందుకే నీటిమట్టం దగ్గర వెడల్పును మూడున్నర అడుగులకు తగ్గించి, పై అంచు దగ్గర 4 అడుగుల 4 అంగుళాలు ఉంచాను. నిటారుగా ఉన్నప్పుడు నీటిని ఒరుసుకునే భాగం తక్కువ. గాలికి ఒరిగితే పైనున్న వెడల్పు నీళ్లలోకి దిగి పడవను నిలబెడుతుంది. ఒక్క మనిషి తీరిగ్గా తెడ్లు వేస్తే వచ్చే వేగం మూడు నాట్ల (గంటకు సుమారు ఐదున్నర కిలోమీటర్ల) దరిదాపుల్లోనే. ఆ వేగంలో పడవ లేపే అలల కంటే నీటి రాపిడే దాన్ని ఎక్కువ వెనక్కి లాగుతుంది.

ఎక్కువ కాలం తిన్నది అమరం, అంటే పడవ వెనుక భాగం. వెనుక పలక నీళ్లలో మునిగితే దాని వెంట సుడులు లేచి పడవను వెనక్కి పట్టేస్తాయి. కాగితం మీద ఎంత చూసుకున్నా నమ్మకం కుదరక ఎనిమిదో వంతు నమూనా చేశాను. కొలత ఎనిమిదో వంతైతే బరువు 512వ వంతు. అంటే మనుషులతో కలిపి 200 కిలోలయ్యే పడవకు నమూనా బరువు 390 గ్రాములు. మనుషుల బదులు ఇసుక మూటలు పెట్టి తొట్టిలో వదిలి, కళ్లు నీటిమట్టానికి దించి చూశాను. ఒక్కరే మధ్య బల్ల మీదుంటే పలక కింది అంచు నీటికి పైనే ఉంది. రెండో మూటను వెనుక పెట్టగానే మునిగింది. మధ్య మూటను ముందుకు జరిపితే మళ్లీ తేలింది! అందుకే ముందువైపు ఇంకో బల్ల, దానికి తగ్గట్టు తెడ్లను పట్టి ఉంచే కొక్కేలు డ్రాయింగ్‌లోకి వచ్చాయి.

సెంటర్‌బోర్డ్ అంటే గాలికి పడవ పక్కకు జారిపోకుండా అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక. దాని పెట్టె ఇదివరకు కాళ్ల మధ్యే ఉండేది. ఇప్పుడు మధ్య బల్లకు ముందుకు నెట్టాను. తెడ్లు వేసేవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు కాబట్టి అది వీపు వెనక్కి పోతుంది, కాళ్లకు చోటు దొరుకుతుంది. బోర్డు ముందుకు జరిగితే గాలి ఒత్తిడి కేంద్రం కూడా ముందుకు రావాలి, లేకపోతే పడవ అస్తమానం గాలి వైపుకే ముక్కు తిప్పుతుంది. బ్యాలెన్స్‌డ్ లగ్ తెరచాప ఎంచుకోవడానికి అదొక కారణం. దాని గుడ్డలో కొంత తెరచాపను నిలబెట్టే కొయ్యకు ముందువైపే ఉంటుంది. పైగా కొయ్య పొట్టిది, తాళ్ల ఆసరా అక్కర్లేదు, పీకి పడవలోనే పడుకోబెట్టొచ్చు. ఎదురుగాలిలో తెడ్లు వేసేటప్పుడు నిలబెట్టిన కొయ్య ఎంత భారమో చేతులకే తెలుస్తుంది.

తెడ్ల పొడవుకు పాత లెక్కే వాడాను. పై అంచు వెడల్పులో సగం 26 అంగుళాలు, దానికి రెండు కలిపితే 28. అది తెడ్డులో కొక్కెం నుంచి పడవ లోపలికి ఉండే భాగం. మొత్తాన్ని 25 పాళ్లనుకుంటే లోపల ఏడు, బయట పద్దెనిమిది పాళ్లు ఉండాలి. అంటే తెడ్డు సరిగ్గా 100 అంగుళాలు.

చుక్కాని ఇంకా గీయలేదు. తెడ్లు వేసేటప్పుడు నీళ్లలోంచి పైకి లేచేలా ఉండాలన్నంతవరకే తేల్చుకున్నాను.