జేబుదొంగ ఇంట్లో బుద్ధిమంతుడు

మా తెలుగు సంఘం ఉగాదికి ఏటా స్కిట్ రాసేది నేనే. అమెరికన్ హాస్య రచయిత మెల్ బ్రూక్స్ రాసిన ఒక్క స్కిట్‌ని ఎన్నిసార్లు చూశానో! 1952లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి వచ్చిన 'న్యూ ఫేసెస్' రెవ్యూలోది. రెవ్యూ అంటే పాటలూ స్కిట్‌లూ కలిపిన రంగస్థల ప్రదర్శన. రెవ్యూకి ఒకే కథంటూ ఉండదు. రెండు పాటల మధ్య దొరికే కొద్ది నిమిషాల్లోనే రచయిత ఓ కుటుంబాన్ని నిలబెట్టాలి.

ఆర్థర్ మిల్లర్ నాటకం 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' 1949 నాటిది. అందులోని తండ్రిని బ్రూక్స్ తన స్కిట్‌లో జేబుదొంగను చేశాడు. కొడుకేమో బుద్ధిగా చదువుకుంటున్నాడు, నిజాయితీగా బతుకుతానంటున్నాడు. తండ్రికి అదే కడుపుకోత! ఆ తండ్రి వేషం వేసిన నటుడు పాల్ లిండ్ నవ్విస్తున్నట్టే కనిపించడు, నిజంగా కుమిలిపోతాడు. నవ్వు పుట్టేది అక్కడే.

ఈసారి నా స్కిట్‌లో నాన్న డైలాగులన్నీ కొట్టేసి మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను.